రోడ్డు మూస్తే మన ఊరు ఎన్నాళ్లు తింటుంది?

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. పొద్దుగూకినాక పశువులకు మేత వేసి, కాళ్లు చాపుకొని కూర్చున్నప్పుడు చదవండి.

పోయిన వారం మా ఊళ్లో మురుగుకాలువ కోసం జేసీబీ పెట్టి తవ్విస్తుంటే, పాత రచ్చబండ వెనక మలుపులో బకెట్ పళ్లు ఒక్కసారిగా నేలలోకి దిగబడ్డాయి. మట్టి తీసి చూస్తే మనిషి పట్టేంత మూతి. లోపల కడుపు మాత్రం నలుగురు కూర్చొని భోంచేసేంత వెడల్పు. డ్రైవరు పిల్లోడు నిధి దొరికిందేమో అని ఫోన్ లైటు వేసి చూశాడు. చుట్టూ చేరినోళ్లలో ఒక కుర్రోడు "సెప్టిక్ ట్యాంకు లేప్పా, పాతకాలంది" అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, బాధా అయింది. అది పాతర. జొన్నలు దాచుకున్న పాతర. ఏదైనా విషయాన్ని మరుగున పడేస్తే "పాతరేశారు" అని ఇప్పటికీ అంటాం గదా, ఆ మాట ఇందులోంచే వచ్చింది. మాట మన నోట్లో మిగిలింది, వస్తువు మాత్రం మురుగుకాలువ కింద దొరికింది.

ఆ సాయంత్రం టీ అంగడి దగ్గర అదే కుర్రోడు అడిగాడు: "మామా, మళ్లీ కరోనా మాదిరి వచ్చి రోడ్లు మూస్తే మన ఊరు ఎన్నాళ్లు తింటుంది?" అంతమంది రైతులం ఉన్నాం. ఒక్కరికీ నోరు పెగల్లేదు. ఆ ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఈ పోస్టు. అయితే 2020 నుంచి మొదలుపెడితే లాభం లేదు. మన ఊళ్లు ఇట్లాంటివి అంతకు ముందే చూశాయి.

ముందు ప్లేగు సంగతి. 1896లో బొంబాయిలో మొదలైంది. రెండేళ్లు తిరక్కుండానే, 1898 ఆగస్టులో, రైలు దారిన బెంగళూరు చేరింది. మనకు బెంగళూరు ఎంత దూరం? గుంతకల్లు నుంచి హిందూపురం మీదుగా రైలు అప్పటికే పడింది. అటు బళ్లారి వైపు నుంచి, ఇటు మైసూరు సీమ వైపు నుంచి మన అనంతపురం పల్లెలకు కూడా పాకింది. ఈరోజు మన పిల్లలు ఉద్యోగాలు చేసే బెంగళూరులో బసవనగుడి, మల్లేశ్వరం అని పేటలు ఉన్నాయి చూడండి, ఇరుకు పేటల్లోంచి జనాన్ని బయటికి పంపాలని ఆ ప్లేగు రోజుల్లో వేసినవే అవి. అక్కడ ప్లేగు మారెమ్మకు గుళ్లు కూడా కట్టుకున్నారు. మొత్తం దేశంలో పాతికేళ్లలో ఆ రోగం కోటి మందికి పైగా పొట్టన పెట్టుకుంది.

మా జేజినాయన 1908 ప్రాంతంలో పుట్టినాడు. చిన్నప్పుడు రెండుసార్లు ఊరు ఖాళీ చేసి చేలోకి పోయినట్టు చెప్పేవాడు. ఆయన నోట విన్న మాట "ఎలుక పడింది". ఇంటి కప్పు మీంచి, దూలం సందులోంచి ఎలుక కింద పడి గిలగిలా కొట్టుకొని చచ్చిందంటే ఇంక ఎవరూ ఎవర్నీ అడిగేది లేదు. పొద్దుటికల్లా బండ్లు కట్టేవాళ్లు. పశువులు, కోళ్లు, కుండలు, తిరగలి, పసిబిడ్డలు, అంతా చేలోకి. జొన్నదంటుతో, బోదతో గుడిసె. గుడిసెకూ గుడిసెకూ మధ్య ఎడం. రెండు మూడు నెలలు అక్కడే. ఇంట్లో ఏదో మర్చిపోయినామని ఊళ్లోకి పోతామంటే పెద్దోళ్లు కాళ్లు విరగ్గొడతామనేవాళ్లంట. తిరిగి వచ్చే ముందు పెంకులు ఊడదీసి ఇంట్లోకి ఎండ కొట్టనిచ్చి, సున్నం వేసి, పేడతో అలికి, అప్పుడు కాపురం పెట్టేవాళ్లు.

ఇది మూఢనమ్మకం కాదు సుమా. ప్లేగు ఎలుక మీది గోమారి లాంటి చిన్న పురుగు వల్ల వస్తుందని 1898లో కరాచీలో ఒక ఫ్రెంచి డాక్టరు, సిమాండ్ అనే ఆయన చూపించాడు. పెద్ద డాక్టర్లు చాలామంది ఏళ్ల తరబడి నమ్మలేదు. 1905లో మొదలైన ప్లేగు కమిషన్ పరీక్షలు చేసి ఒప్పుకున్నాక గానీ అది స్థిరపడలేదు. ఎలుక చస్తే ఆ పురుగు ఇంకో రక్తం వెతుక్కుంటుంది, పక్కన పడుకున్న మనిషి దొరుకుతాడు. కొత్త గుడిసెలో ఎలుక లేదు, పురుగు లేదు. అందుకే చేలోకి పోయినోళ్లు బతికారు. ఇళ్లకు మందు నీళ్లు కొట్టడం కన్నా ఊరు ఖాళీ చేయడమే మేలని సర్కారు వాళ్లూ చివరికి అదే దారికి వచ్చారు.

సర్కారు అంటే గుర్తొచ్చింది. 1897లో ఆంగ్లేయులు అంటురోగాల చట్టం ఒకటి చేశారు. దాని అండతో ఇళ్లల్లోకి దూరడం, ఆడవాళ్లను పరీక్ష చేయడం, గుడ్డలు తగలబెట్టడం, రోగం ఉందన్న అనుమానంతో మనుషుల్ని ఈడ్చుకుపోవడం జరిగాయి. పుణెలో ప్లేగు అధికారి ర్యాండ్‌ను చాపేకర్ అన్నదమ్ములు కాల్చింది ఆ ఏడే. మన మద్రాసు ప్రెసిడెన్సీలో ప్లేగు పాస్‌పోర్టు అని పెట్టారు. రోగం ఉన్న చోటి నుంచి రైలు దిగినోడు ఆ కాగితం పట్టుకొని పది రోజుల పాటు రోజూ అధికారి ముందు కనబడాల. 2020లో మనం ఈ-పాస్ కోసం ఫోన్లు పట్టుకొని చెక్‌పోస్టు దగ్గర నిలబడ్డాం చూడండి, అది ముత్తాతల కాలం నాటి అనుభవమే. చట్టం కూడా ఆ 1897 చట్టమే. 2020లో దానికి సవరణ చేసి వాడుకున్నారు.

సరే, నా ప్రశ్నకు వస్తా. రెండు మూడు నెలలు చేలో గుడిసెల్లో కూర్చున్న ఊరు ఏం తినింది?

పాతరలోని జొన్నలు తినింది. గాదెలో రాగులు, కొర్రలు తినింది. ఎర్రమట్టి కట్టిన కందులు, ఎండబెట్టిన అనపగింజలు, పాలు, మజ్జిగ, చేలో దొరికే ఆకుకూర. ఉప్పుకు తప్ప సంతకు పోవాల్సిన పని లేదు.

పాతర ఎట్లా తవ్వేవాళ్లో మా జేజినాయన చెప్పింది రాస్తా, మీ ఇళ్లల్లో ఎవరైనా పెద్దోళ్లు ఇంకా వివరం చెప్తే కింద కామెంట్లో పెట్టండి. వాన నీళ్లు నిలవని మెరక చూసుకొని, గట్టినేలలో మూతి సన్నంగా, కడుపు వెడల్పుగా తవ్వేది. లోపల మంట వేసి గోడలు కాల్చేది. అడుగునా పక్కలా జొన్న చొప్ప దట్టంగా పరిచి, బాగా ఎండిన జొన్నలు నింపి, పైన మళ్లీ చొప్ప వేసి, మట్టితో మూసి మెత్తేది. లోపల ఉన్న కొంచెం గాలి అయిపోయాక పురుగు బతకదు. ఎలుక దూరదు. ఏళ్ల తరబడి ఉండేవి. కాకపోతే ఆ గింజలకు ఒక ముక్క వాసన వచ్చేది, మొలక తగ్గిపోయేది. అందుకే పాతర గింజ తిండికే, విత్తనానికి కాదు. విత్తనం బూడిద కలిపి, వేపాకు వేసి కుండల్లో వేరే పెట్టేవాళ్లు. పాతర తెరిచిన రోజు వెంటనే ఎవరూ దిగకూడదు, లోపలి గాలి మనిషిని చంపుతుంది. ఒక రోజు తెరిచి పెట్టి, దీపం కట్టి దించి, ఆరకుండా ఉంటేనే దిగేది. ఆ జాగ్రత్త మరిచి దిగి చచ్చినోళ్లూ ఉన్నారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, గమనించండి. ప్లేగు తిరిగింది కూడా గింజల వెంటే. ధాన్యం అంగళ్లు, గోనె బస్తాలు, రైల్లో పోయే మూటలు, వాటి వెంట ఎలుకలు, వాటి మీద పురుగులు. ఇంట్లో గోనె బస్తాలు పేర్చినోడు ఎలుకను పిలిచి చాప వేసినట్టే. నేల కింద మట్టి మెత్తిన పాతర ఉన్నోడికి ఆ బెడద తక్కువ. గింజ దాచడం ఒక్కటే కాదు, ఎట్లా దాచాం అన్నది కూడా ప్రాణం మీది సంగతే అయింది ఆ రోజుల్లో.

ఇదంతా చదివి "ఆహా, పాతకాలమే బంగారం" అనుకుంటారేమో. ఆగండి. పాతర ఎవరికి ఉండింది? మా ఊళ్లో రెడ్లకు, కరణాలకు, నాలుగు జతల ఎద్దులున్న రైతులకు. కూలికి వచ్చేవాడికి పాతర యాడిది? వాడికి దినం గింజలు దినానికి. ఊరు చేలోకి పోయినప్పుడు వాడి గుడిసె ఇంకా దూరంగా వేయించారు. ఇంకొకటి. గత్తర వచ్చినా ప్లేగు వచ్చినా అమ్మవారి బొమ్మను చిన్న బండి మీద పెట్టి మేళతాళాలతో పొలిమేర దాటించి వచ్చేవాళ్లు. పక్క ఊరోళ్లు దాన్ని ఆ పక్క ఊరికి. అంటే మా రోగం మీకు పోనీ అని మొక్కడం. దాన్ని మన సంస్కృతి అని నేను మురిసిపోలేను.

ప్లేగులో చేను కాపాడింది. కానీ 1918లో చేనూ కాపాడలేదు, పాతరా కాపాడలేదు.

అది కాళయుక్తి నామ సంవత్సరం. ఐరోపాలో యుద్ధం ముగింపుకు వస్తోంది. జూన్‌లో బొంబాయి రేవులో ఇన్‌ఫ్లూయెంజా దిగింది. మా జేజినాయన దాన్ని బొంబాయి జ్వరం అనేవాడు. మొదటి విడత తేలిగ్గానే పోయింది. రెండో విడత సెప్టెంబరు నుంచి. అదే ఏడు వానలు మొహం చాటేశాయి. దేశం మొత్తం మీద ఆ శతాబ్దపు పెద్ద కరువుల్లో అదొకటి. యుద్ధం కోసం గింజలు, రైలు బండ్లు అటు పోయాయి, ధరలు ఆకాశానికి పోయాయి. ఆ ఏడు మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా చోట్ల జనం ధాన్యం అంగళ్ల మీద పడ్డారు. సెప్టెంబరులో మద్రాసు నగరంలోనే దోపిళ్లు జరిగాయి. కడుపు కాలి చేసినవి అవి.

మామూలు జ్వరాలు ముసలోళ్లను, పసిపిల్లల్ని తీసుకుపోతాయి. ఇది ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య గట్టి మనుషుల్ని తీసుకుపోయింది. మడక పట్టేవాడు పోయాడు, కలుపు తీసేది పోయింది. మన దేశంలో ఆడవాళ్లు మగవాళ్ల కన్నా ఎక్కువ పోయారు. ఇంటిల్లిపాదికీ జ్వరం వస్తే లేచి గంజి కాచేది ఎవరు? ఆమే. ఆఖరున తినేది ఎవరు? ఆమే. బొంబాయి నగరం లెక్కల్లో తక్కువ కులాలుగా చూసిన హిందువుల్లో వెయ్యికి 61 మందికి పైగా చనిపోతే యూరోపు వాళ్లలో వెయ్యికి 8 మంది చనిపోయారు. రోగం ఒకటే. ఇళ్లు, తిండి, చాకిరీ వేరు.

దేశంలో ఎంతమంది పోయారో ఎవరి అంచనా వాళ్లది. తక్కువలో తక్కువ కోటి ఇరవై లక్షలు. జనాభా లెక్కలు చూడండి. ఇప్పటి మన దేశం సరిహద్దుల్లో 1911లో 25.2 కోట్ల మంది, 1921లో 25.1 కోట్లు. పదేళ్లలో పెరగాల్సింది పోయి తగ్గింది, అట్లా తగ్గడం జనాభా లెక్కల్లో మళ్లీ జరగలేదు. నిజాం హైదరాబాద్ సంస్థానంలో అయితే 1 కోటి 33 లక్షల నుంచి 1 కోటి 24 లక్షలకు పడిపోయింది. తెలంగాణ మిత్రులు ఈ అంకె ఒకసారి మళ్లీ చదవండి. తొమ్మిది లక్షల మంది తక్కువ. దానికి ఆ పదేళ్లలో ప్లేగూ కరువూ కూడా తోడయ్యాయి.

మా ముత్తవ్వ ఆ కార్తీకంలో పోయింది. మా జేజినాయనకు పదేళ్లు. "పాతర ఉండె గదా జేజినాయనా, ఎందుకు ఆకలి పడినారు?" అని అడిగాను ఒకసారి. ఆయన చెప్పిన జవాబు నాకు ఇంకా చెవుల్లో ఉంది. "రేటు బాగుందని పోయిన ఏడే తెరిచి అమ్మినార్రా. శిస్తు కట్టల్ల, అప్పు తీర్చల్ల." పాతర ఉండింది. అందులో గింజ లేదు.

ఇక మన కాలానికి వద్దాం. మా చిన్నప్పుడు ఇంట్లో వరి అన్నం అంటే పండగ. రాగి సంగటి, కొర్రన్నం, జొన్నరొట్టె రోజూ. తర్వాత శెనక్కాయ వచ్చింది. 1970, 80లలో మన జిల్లా ఎర్రనేలలు మొత్తం శెనక్కాయే. డబ్బు కళ్లజూసినాం, అబద్ధం చెప్పకూడదు. నా చదువు శెనక్కాయ పెట్టిన చదువే. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. మా అమ్మ ఆ పూట నుంచి రోకలి పక్కన పెట్టింది. కొర్రలు దంచీ దంచీ ఆమె అరచేతులు కాయలు కాసి ఉండేవి. కాబట్టి "మన ఆడవాళ్లు చిరుధాన్యాలు మానేశారు" అని ఎవరైనా నిష్ఠూరంగా మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. దంచినోళ్లకు తెలుస్తుంది.

అట్లా గాదెలు పోయాయి. గాదె ఉన్న మూలలో టీవీ స్టాండు వచ్చింది. మా ఇంట్లోనే.

2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. 25 నుంచి లాక్‌డౌన్. ఆ రోజే ఉగాది, శార్వరి నామ సంవత్సరం. శార్వరి అంటే రాత్రి అని అర్థం, పేరుకు తగ్గట్టే వచ్చింది. నా చేలో రెండెకరాల కర్బూజ కోతకు ఉంది. ఢిల్లీ వ్యాపారి ఫోను ఎత్తలేదు. లారీ లేదు. కాయ పగిలి వాసన కొడుతుంటే గొర్రెల మందను తోలినాం. అంతకు ముందు నెలలోనే కోడి తింటే కరోనా వస్తుందని పుకారు లేచి కోళ్ల రైతులు, వాళ్ల వెంట మొక్కజొన్న రైతులు మునిగినారు.

బెంగళూరు నుంచి ఇద్దరు కొడుకులు, కోడలు, మనవరాలు వచ్చారు. మా ఊరోళ్లు రోడ్డుకు అడ్డంగా ముళ్లకంప వేసి కాపలా కూర్చున్నారు. మీ ఊళ్లోనూ వేసి ఉంటారు. మా సొంత బిడ్డల్ని లోపలికి రానివ్వమన్నారు. నాకు కోపం వచ్చింది. మా పెద్దాయన ఒకరు "చేలో షెడ్డు ఉంది గదప్పా, ఆడ ఉండనీ పద్నాలుగు రోజులు" అన్నాడు. మోటరు షెడ్డులో పెట్టాం. మా ఆవిడ గట్టు మీద క్యారియరు పెట్టి వచ్చేది, వాళ్లు వచ్చి తీసుకునేవాళ్లు. పదో రోజు రాత్రి నాకు ఉన్నట్టుండి తట్టింది, ఇది ప్లేగు గుడిసె. నూరేళ్ల కింద మా ముత్తాత వేసిన చోటుకు పిలుపు దూరంలోనే.

వాళ్లకు చేను దొరికింది. బడిలో పడుకోబెట్టిన నలుగురు కూలీలకు, ఎక్కడో రాయచూరు వైపు నడిచిపోయేవాళ్లకు, మేం ముళ్లకంప ఇవతల నుంచి నీళ్ల బాటిళ్లు విసిరినాం. చేతికి ఇవ్వలేదు. పొలిమేర బండి గురించి పైన నీతులు చెప్పిన వాడిని, ఇది కూడా రాయాల.

నాలుగో రోజు మా ఆవిడ వంటింట్లోంచి బయటికి వచ్చి అడిగింది: "పదకొండు ఎకరాల రైతు ఇంట్లో పదకొండు రోజులకు గింజల్లేవు, ఎవరికైనా చెప్పుకుంటే నవ్వుతారేమో?" నిజమే. ఏడుగురు మనుషులు. బియ్యం ఒకటిన్నర బస్తా. కందిపప్పు అంగడిది. మిద్దె మీద విత్తనం శెనక్కాయ పన్నెండు బస్తాలు, వంటింట్లో మాత్రం ప్యాకెట్ నూనె, అది కూడా సగం.

మమ్మల్ని ఏం కాపాడింది? చౌకధరల దుకాణం. మామూలు కోటా కాక మనిషికి 5 కిలోల బియ్యం, కార్డుకు కిలో పప్పు ఉచితంగా ఇచ్చారు. ఆ బియ్యం యాడి నుంచి వచ్చింది? 1965లో పెట్టిన ఆహార సంస్థ గోదాముల నుంచి. గోదావరి, కృష్ణా, పంజాబు రైతులు పండించింది అక్కడ నిలవ ఉంది. అది దేశానికి పాతర. 1918లో మా జేజినాయనకు అది లేదు, 2020లో మాకు ఉండింది. ఆకలి చావుల లెక్కలో ఆ రెండు సంవత్సరాల మధ్య తేడా చాలావరకు అదే అని నా నమ్మకం. "సర్కారు బియ్యం మనల్ని సోమరుల్ని చేసింది" అనే మిత్రులు ఈ పేజీలోనూ ఉన్నారు. ఆ రెండు నెలలు ఆ బియ్యం లేకుంటే ఏమయ్యేదో వాళ్లు ఒకసారి లెక్క వేయాల.

తర్వాత దారులు కొంచెం తెరుచుకున్నాయి. ఆ సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు పోయింది, దక్షిణాదిలో అదే మొదటిది. మంచిదే. కానీ నా కర్బూజ అప్పటికి ఆరు నెలల కిందే గొర్రెల కడుపులోకి పోయింది.

2021 గురించి కూడా రెండు మాటలు చెప్పకుంటే ఈ పోస్టు అబద్ధం అవుతుంది. ఉగాది అయినాక జాతర చేశాం. నేను వద్దనలేదు. చందాల పుస్తకం నా చేతిలోనే ఉండింది. మూడు వారాల్లో మా ఊళ్లో ఆరుగురు పోయారు, అందులో ఒకడు నాతో ఒకే పలక మీద అ ఆలు దిద్దినవాడు. ఆక్సిజన్ మంచం కోసం మేం ఆటోలో తిరిగిన ఆ రాత్రి గురించి ఇంకోసారి రాస్తా, ఇప్పుడు చేత కాదు. ప్లేగు వచ్చిన ఏడు మారెమ్మ మొక్కు చేలోనే తీర్చినారని, ఊళ్లో అడుగు పెట్టలేదని మా జేజినాయన చెప్పిన మాట నాకు తెలుసు. తెలిసి కూడా చందా రాశాను. కషాయం తాగితే ఏమీ కాదని ధైర్యం చెప్పింది కూడా నేనే. కషాయం గొంతుకు హాయి. అంతవరకే.

సరే, కుర్రోడి ప్రశ్న. ఎన్నాళ్లు తింటుంది?

2021 నుంచి ఒకటిన్నర ఎకరం తిండి కోసం విడిగా పెట్టుకున్నా. ఎకరంలో కొర్ర, సాళ్ల మధ్య కంది. అర ఎకరంలో రాగి, గట్ల మీద అనప, అలసంద. లెక్క చెప్తా. ఐదుగురు ఉన్న ఇంట్లో మనిషికి రోజుకు 300 గ్రాముల గింజ వేసుకుంటే రోజుకు కిలోన్నర, ఆరు నెలలకు 270 కిలోలు. కొర్రలు మరపట్టిస్తే వందకు అరవై కిలోలు బియ్యం వస్తే గొప్ప. అంటే ఆరు నెలల తిండికి నాలుగున్నర క్వింటాళ్ల కొర్రలు కావాల. వాన సరిగ్గా పడిన ఏడు మన మెట్టలో ఎకరానికి ఆ మాత్రం వస్తుంది. వాన తప్పితే రాదు, మొదటి ఏడు నాకు రెండు క్వింటాళ్లే వచ్చాయి, పిచ్చుకలు తిన్నది పోను. ఇప్పుడు మరపట్టే మిషను పక్క మండలంలో ఉంది కాబట్టి సరిపోయింది. మా ఆవిడను రోకలి పట్టమనే ధైర్యం నాకు లేదు, పట్టమనడం న్యాయమూ కాదు.

నిల్వ గురించి మీలో చాలామంది అడిగారు. పొట్టు తీయని కొర్రలు, రాగులు ఏళ్ల తరబడి ఉంటాయి, పురుగు దాదాపు ముట్టదు. పొట్టు తీసి బియ్యం చేసినాక నెలల్లోనే వాసన పడతాయి. కాబట్టి గింజగా దాచి, నెలకు సరిపడా మాత్రమే మర పట్టించండి. కందులకు ఎర్రమట్టి కట్టండి, మన పెద్దోళ్ల పద్ధతి ఇప్పటికీ పని చేస్తుంది. గింజ పంటి కింద టక్కున పగిలేదాకా ఎండాల, నొక్కుకుంటే ఇంకా తేమ ఉన్నట్టే. పాతరే తవ్వాల్సిన పని లేదు. గాలి చొరని మందపు సంచి, మూత బిగిసే ఇనుప డబ్బా కూడా అదే పని చేస్తాయి. శెనక్కాయలో రెండు బస్తాలు విత్తనానికి కాక నూనెకు ఉంచుకొని గానుగకు వేయండి. పండించేది మనం, ప్యాకెట్ కొనేది మనం, ఇంతకన్నా సిగ్గు ఏముంది?

కానీ 1918 నాకు ఒక మాట చెప్పింది. రేటు వచ్చిన ఏడు ఆ సంచి విప్పి అమ్మేస్తాను. నా గురించి నాకు తెలుసు. అప్పు వాయిదా ఉంటే మీరూ అమ్మేస్తారు. ఇంకొకటి, నా ఇంట్లో సంచి ఉంటే భూమి లేని పక్కింటి ఆమెకు ఏం లాభం? 2020లో ఆమె ఇంట్లో కార్డు కూడా లేదు, కొత్తగా వేరు పడిన కాపురం.

అందుకే మేం పద్నాలుగు ఇళ్లవాళ్లం ఒక మాట అనుకున్నాం. కోత అయినాక ఇంటికి ఒక బస్తా, జొన్నలో కొర్రలో రాగులో, ఊరి ఉమ్మడి గదిలో పెట్టేది. ఏటా పాతది తీసి కొత్తది పెట్టేది, తీసినది ఎవరిది వాళ్లు పట్టుకుపోయేది. అవసరం వస్తే ముందు భూమి లేని ఇళ్లకు. గదికి రెండు తాళాలు, ఒక తాళం కూలి చేసే ఇంటి ఆడమనిషి దగ్గర. ఇది నా తెలివి కాదు, తాళం మాట మా ఆవిడది. "మీ మగోళ్ల దగ్గర రెండూ ఉంటే రేటు వచ్చిన రోజు రెండూ తెరుచుకుంటాయి" అనింది. పద్నాలుగు బస్తాలతో ఊరు గట్టెక్కదు, తెలుసు. మా ఊళ్లో మూడు వందల పైచిలుకు ఇళ్లు. ఇద్దరు అప్పుడే జారుకున్నారు కూడా. పన్నెండు అనుకోండి.

పాతర సంగతి. కాలువ పని వాళ్లు మట్టి పోసి పూడ్చేస్తామన్నారు. పంచాయతీలో మాట్లాడి రెండు రోజులు గడువు తీసుకున్నా. కాలువ రెండడుగులు పక్కకు జరిపితే సరిపోతుందని మేస్త్రీ అంటున్నాడు. శుక్రవారం పొద్దున ఎనిమిదికి దీపం కట్టి దించి చూస్తాం. ఎవరూ లోపలికి దిగేది లేదు, దీపం ఆరకపోయినా సరే. పిల్లల్ని తీసుకురండి, మూతికి ఎడంగా నిలబెట్టండి. చుట్టుపక్కల ఊళ్లల్లో ఇంకా ఎవరికైనా ఇట్లాంటిది దొరికి ఉంటే ఫొటో పెట్టండి, లోతు కొలిచి రాయండి.